సమితి ఎన్నుకున్న రాజు

తెలుగు సంఘం మీటింగ్ ముగిసింది. ఈసారీ పద్మనాభాన్నే ఏకగ్రీవంగా ప్రెసిడెంట్‌ని చేసి, చప్పట్లు కొట్టి, అందరూ కార్లెక్కేశారు. ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో నలభై కుర్చీలు మిగిలాయి. ఒక్కొక్కటే మడుస్తున్నాడు.

కూతురు ఆద్య మెట్ల మీద కూర్చుని స్కూల్ ప్రాజెక్ట్ చదివి వినిపిస్తోంది. "వేదకాలంలో ట్రైబ్ అంతా సమితిలో కూర్చుని రాజుని సెలెక్ట్ చేసేవాళ్ళు నాన్నా. ఆవుల్ని కాపాడాలి, యుద్ధంలో ముందుండాలి. అన్నీ రాజే చెయ్యాలి."

"మరి రాజు నావల్ల కాదంటే?"

ఆద్య పేజీలన్నీ తిరగేసింది. "అది ఎక్కడా లేదు నాన్నా."

పద్మనాభం చొక్కా జేబు తడుముకున్నాడు. నాలుగేళ్ళుగా ప్రతి ఎన్నికకీ తెచ్చుకుంటున్న రాజీనామా కాగితం మడత విప్పకుండా అలాగే ఉంది.

"ఉండదులేమ్మా," అన్నాడు ఇంకో కుర్చీ మడుస్తూ. "మనసులో అనుకునుంటాడు. పైకి చెప్పుండడు."