నిచ్చెన మీద మనిషి

ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు వచ్చింది. అర్లీన్ గారి వంటింట్లో కూర్చుని చదివి వినిపించాను.

"చేతులెత్తేసిన మనిషి మీదికి పోలీసు కుక్కను వదలడం తప్పే. కానీ అలా చెప్పిన పాత తీర్పులో మనిషి నేల మీద ఉన్నాడు. ఈమె నిచ్చెన మీద ఉంది. అక్కడా తప్పేనని ఇంతవరకు ఏ తీర్పూ చెప్పలేదు గనక ఆ పోలీసు మీద దావా చెల్లదు."

ఆవిడ కుట్లు పడ్డ పిక్క నిమురుకుంది. "పోన్లెండి లాయరుగారూ, ఇకమీదట నిచ్చెనెక్కేవాళ్లకైనా నా కేసు పనికొస్తుంది."

చివరి వాక్యం చదివాను. "ఇకపై వచ్చే కేసులకు ఈ తీర్పు ఆధారం కాదు."

"నాకంటే ముందు నిచ్చెన మీదున్న వాళ్లెవర్నీ పోలీసు కుక్క కరవలేదా?"

"కరిచింది. ఆ కేసూ నేనే వాదించాను. దాని కిందా ఇదే వాక్యం."

"అదే కుక్కా?"

"కాదండీ. దాన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. పోలీసు మాత్రం అతనే."