నాలుగో స్పీడ్‌బ్రేకర్

"దిగు వల్లీ, కారు అడుగు గీరుకుపోతుంది," అన్నాడు విజయ్‌కుమార్ భార్యతో.

వట్లూరు దాటకముందే ఇది నాలుగో స్పీడ్‌బ్రేకర్. ఏలూరు ఆసుపత్రిలో నాగవల్లి తల్లి ఆపరేషన్‌కి ఆమె సంతకం కోసం డాక్టర్లు ఎదురుచూస్తున్నారు. ఎండ మాడ్చేస్తోంది. కొత్త స్పోర్ట్స్ కారుకి మడిచిన టాపు వేస్తే అందం పోతుందట. వెనక బస్సు ఒకటే హారన్.

"మూడు సెకన్లలో వంద స్పీడు అందుకుంటుందన్నారు కదండీ?"

"అందుకేగా ఇంత తేలిగ్గా, నేలకి అంటుకున్నట్టు చేశారు! నీ బరువు తగ్గితే చాలు, దాటేస్తుంది."

నాలుగోసారి బెల్టు విప్పుకుని దిగింది. కారు రెండు వేళ్ళ ఎత్తు లేచి, గీత పడకుండా దాటేసింది.

"ఎక్కు, త్వరగా!"

నాగవల్లి చెయ్యెత్తి, వెళ్తున్న ఆటోని ఆపి ఎక్కింది.

"ఆసుపత్రికి ఇంకా ఆరు స్పీడ్‌బ్రేకర్లున్నాయండీ. నేను ముందెళ్తాను, మీరు నిదానంగా రండి."