క్లోరిన్ మామ, గాజుతొట్టిలో బంగారి

"నా నీళ్ళకు మందా?" అన్నాడు మామగారు. కోడలి చేతిలోని ఆ నీలం సీసా తన పరువు తీయడానికే ఇంట్లోకి వచ్చినట్టు చూశాడు.

ముందే చెబుతున్నాను, ఈ కథలో కల్పన ఆవగింజంత కూడా లేదు. ఉందని ఎవరైనా నిరూపిస్తే నా చేతికర్ర వాళ్ళకిచ్చి పాక్కుంటూ ఇంటికి పోతాను.

ముప్పై రెండేళ్ళు ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గర క్లోరిన్ కలిపిన మనిషి ఆయన. వీధిలో అందరికీ 'క్లోరిన్ మామ'. తన నీళ్ళు తాగి ఊళ్ళో ఒక్కడికీ కడుపు నొప్పి రాలేదనీ, పాములు సైతం ఆ ట్యాంకులో మునిగి, కుబుసం విడిచి, పెళ్ళికొడుకుల్లా మెరుస్తూ వెళ్ళేవనీ చెప్పేవాడు.

"మీ నీళ్ళు మనకు మంచివే మామయ్యా. చేపకు పడవు. క్లోరిన్ దాని మొప్పల్ని కాల్చేస్తుంది" అంది కోడలు. "పెళ్ళి చూసుకుని మూడో రోజుకి వచ్చేస్తాం. రేపు సగం నీళ్ళు తీసి కొత్తవి పొయ్యండి. బకెట్‌కి ఒక మూత మందు. మరిచిపోకండేం?"

"వెళ్ళిరా తల్లీ. ఊరినే బతికించినవాణ్ణి, వేలెడు చేపను చూసుకోలేనా?"

ఆమె తొట్టి అద్దం మీద వేలు ఆనించింది. బంగారి తోకాడిస్తూ వచ్చి ఆ వేలి దగ్గర నిలబడింది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఈ ఇంట్లో ఆమె మనసు విప్పి మాట్లాడింది ఆ చేపతోనే. మామగారి వంతు ఏడాది తర్వాత గానీ రాలేదు. ఆ ఉడుకుమోత్తనం ఆయనకు ఇంకా కాస్త మిగిలే ఉంది.

మర్నాడు పొద్దున్నే సగం నీళ్ళు తోడేసి, కుళాయి నీళ్ళు పట్టాడు. సీసా మూత తిప్పబోయి ఆగాడు.

'పోయినవారం వేసిన మందు తొట్టిలోనే ఉంది కదా! ఉప్పేసిన కూరలో నీళ్ళు పోస్తే ఉప్పెక్కడికి పోతుంది?' అనుకుని మూత బిగించేసి, ఆ నీళ్ళు తొట్టిలో పోసేశాడు.

పేపరు చదివి వచ్చేసరికి బంగారి నీటిపైకి తేలి, నోరు తెరిచి గాలికోసం అల్లాడుతోంది. మొప్పలు ఎర్రబారిపోయాయి. పెద్దాయన ఒక కాలికే చెప్పు వేసుకుని వీధి చివరి చేపల దుకాణానికి పరుగెత్తాడు.

"మందు వేశారా?" అంది దుకాణం ఆవిడ.

"పోయినవారంది ఉంది కదమ్మా!"

"అయ్యో బాబాయిగారూ! ఆ మందంటే దొంగను పట్టుకుని, వాడితోపాటే లాకప్‌లో కూర్చునే పోలీసు. పోయినవారం దొంగతోనే పోయినవారం పోలీసూ పోయాడు. ఇవాళ కొత్త దొంగలొచ్చారు. పట్టేదెవరు?"

"మరి, పనిలేక మిగిలిపోయిన పోలీసులు?"

"ఒకటి రెండు రోజులకే నీరసించిపోతారు. సీసాలో అయితే ఏళ్ళు ఉంటుంది గానీ, నీళ్ళలో పడ్డాక రోజులే. నిలబడకండి, వెళ్ళి తొట్టి మొత్తానికి సరిపడా వెయ్యండి. నిమిషాల్లో పనిచేస్తుంది. మొప్పలు మరీ కాలకపోయుంటే బతుకుతుంది."

ఆయన వచ్చినంత వేగంగా వెనక్కి పరుగెత్తాడు. మూత తర్వాత మూత పోశాడు. తొట్టి ముందు చతికిలబడ్డాడు.

"ఊరందరికీ మంచినీళ్ళిచ్చి, నీకొక్కదానికే విషం పోశానే తల్లీ! బతుకు. నీ తర్వాతే నేను, ఒప్పుకున్నాను" అన్నాడు.

మధ్యాహ్నానికి బంగారి అడుగుకు దిగింది. సాయంత్రానికి తేరుకుని మళ్ళీ ఈదింది.

మర్నాడు ఆ దుకాణం ఆవిడకు కృతజ్ఞతలు చెప్పుకుని రావడానికి ఆయనకు రెండు గంటలు పట్టింది. మేలు పొందినవాడికి కాలం తెలియదు కదా! అక్కడున్న ప్రతి తొట్టినీ వంగి వంగి చూసి మరీ వచ్చాడు.

మూడో రోజు కోడలు భుజాన సంచీ దించకుండానే తొట్టి దగ్గరకు వెళ్ళి వేలు ఆనించింది. చేప చటుక్కున మూలకు తప్పుకుంది.

"మొన్న కాస్త బెదిరిందమ్మా" అన్నాడు మామగారు, గోడకేసి చూస్తూ.

ఆమె చాలాసేపు తొట్టిలోకి చూసింది. ఆ తర్వాత ఆయన ఉబ్బిన కళ్ళకేసి చూసింది.

"భోంచేశారా మామయ్యా?"

"ఆకలి లేదు."

"నిద్ర?"

"ముసలివాళ్ళకు నిద్రేమిటిలే."

"నాకోసం ఇంత పడ్డారా!" అంది. "ఇకనుంచి నీళ్ళు మీరే మార్చండి. మీకంటే బాగా ఎవరు చూసుకుంటారు?"

ఆయన చేతులు జోడించబోయాడు. ఆమె ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించింది.

ఇప్పుడు ఆ వీధిలో ఎవరు చేపను కొన్నా క్లోరిన్ మామ పిలవకుండానే వెళ్ళి, పోలీసు కథ చెప్పి, మూత కొలిచి చూపించి వస్తాడు.

పరుగు నిజం, మందు నిజం, ఆ కోడలి మాట అక్షరాలా నిజం. మొదట్లో గొప్పలు పోయాను గానీ, నేను కల్పించిన ముక్క ఒకటుంది.

ఆ సాయంత్రం బంగారి తేరుకోలేదు.