కోపిష్ఠికి సంబంధం

“వీడు కరుస్తాడండీ,” అంది కుక్కల హాస్టల్ నడిపే వదిన, కోపిష్ఠి అనే కుక్క గొలుసును రెండు చేతులా పట్టుకుని.

ఊళ్ళకెళ్ళేవాళ్ళు తమ కుక్కల్ని వదిలి వెళ్ళే చోటు అది. అక్కడే ఉండిపోయిన, ఎవరూ పెంచుకోని వాటికి మాత్రం దాతలే దిక్కు. కోపిష్ఠి తిండికి నెలనెలా డబ్బు పంపే దర్జీ ఇవాళ ఏకంగా వాణ్ణే తీసుకెళ్తానని వచ్చాడు.

“కత్తెరతో బతికేవాణ్ణి, పంటికి భయపడతానా?”

“చెప్పులు మిగలనివ్వడు.”

“బీరువాలో దాచుకుంటాను.”

“రాత్రంతా మొరుగుతాడు.”

“మా ఆవిడ గురక మీరు వినలేదు.”

నీళ్ళ గిన్నెలు కడుగుతున్న ఆమె ఆడపడుచు కిసుక్కున నవ్వింది. “వదినా, మొన్న వీణ్ణి పెంచుకుంటానని వచ్చిన టీచరమ్మకీ ఇదే పాఠం అప్పజెప్పావు. ఆవిడ మళ్ళీ ఇటు తొంగిచూడలేదు.”

“ఉన్నమాట చెప్పొద్దా?”

దర్జీ ఫోన్ తీశాడు. “దాతలకి మీరు పంపే ఫోటోలేనమ్మా ఇవి. ఎందులో చూసినా మీ ఒళ్ళో తలపెట్టుకుని నిద్రపోతున్నాడు. కరిచేవాడు ఏడీ?”

వదిన ఒక్కొక్కటే చూసింది. ఏ ఫోటోలోనూ తన మొహం పడలేదు. తన చెయ్యి మాత్రం ప్రతిదాంట్లో వాడి మెడ చుట్టూనే ఉంది.

“వీడికి ఇల్లు వెతుకుతున్నావా వదినా, వచ్చినవాళ్ళని తరుముతున్నావా?” మెల్లగా అడిగింది ఆడపడుచు.

వదిన గొలుసు దర్జీ చేతిలో పెట్టింది.

“ఎడమ చెవి వెనక గోకండి. ఎంత కోపంలో ఉన్నా ఒళ్ళో వాలిపోతాడు,” అంది. “ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.”