ఏడు తలల డెక్కు

"డెక్క చూడాలండి."

గేటు దగ్గర నిలబడ్డ పెద్దాయన మాట హైమవతికి అలాగే వినిపించింది.

"మాకు గేదెల్లేవండి. పశువుల డాక్టరుగారు పక్క వీధిలో ఉంటారు."

ఆయన మూతి ఎడమ పక్కకి లాగేసి ఉంది. మాట సగం లోపలే ఉండిపోతోంది. కుడి కనుబొమ సగం నలుపు, సగం తెలుపు, మధ్యలో గీత గీసినట్టు.

"డెక్క కాదమ్మా, డెక్కు. వీడియో డెక్కు."

ఆ మాటతో లోపల్నుంచి శ్రీరామమూర్తి పంచె సర్దుకుంటూ వచ్చేశాడు. ఆయన ఆ డెక్కు కొన్నప్పటి నుంచి చూపించని మనిషి లేడు. చూసినవాడు మళ్ళీ వచ్చిందీ లేదు.

"నా వీడియో చూసి వచ్చారా?"

"ఔనండి. మనవరాలు ఫోన్‌లో చూపించింది. మీరు డెక్కు గురించి చెప్తున్నారు, వెనక టీవీలో మీ పెళ్లి నడుస్తోంది. తాళి కట్టేటప్పటి మేళం ఒక్కసారి వినాలండి. ద్రాక్షారామం నుంచి అందుకే వచ్చాను."

శ్రీరామమూర్తికి ఇందులో డెక్కు ఒక్కటే వినపడింది.

"ఏడు హెడ్లండి దీనికి. రావణాసురుడి కంటే మూడే తక్కువ."

"హెడ్లు ఏడు, బుర్ర సున్నా," అంది హైమవతి. "కరెంటు పోయొస్తే దాని గడియారంలో ఎప్పుడూ పన్నెండే."

"స్లో మోషనుంది. టైమరుంది. పిల్లలు ముట్టుకోకుండా లాకుంది."

"పిల్లలు పెద్దాళ్ళయిపోయారు. ఆ లాకు ఇప్పుడు నాకు వేశారు. రిమోటు ఆయనకి, మోటుపని నాకు. ఆ చివరి బొత్తం దేనికండీ అని పెళ్ళైన ఏడాది నుంచీ అడుగుతున్నాను."

"దాంతో మనకి పనిలేదు. ఏ బొత్తం నొక్కకూడదో తెలియడమే అసలు తెలివి," అన్నాడు శ్రీరామమూర్తి, దేనికో తనకీ తెలియదు కాబట్టి.

పెళ్లి క్యాసెట్టు డెక్కులోకెళ్ళింది. పీటలు, తలంబ్రాల పళ్ళేలు, ఒకటే సినిమా పాటలు.

"మేళం వినపడట్లేదండి."

"వినపడదు. ఆడియో డబ్బింగని ఇంకో ఫీచరు. మేళం మీద పాటలు నేనే ఎక్కించాను. ఆ సన్నాయివాడు చేసిన పనికి అదే శాస్తి."

పెద్దాయన తలెత్తాడు.

"ఏం చేశాడండి?"

"పంతులుగారు ఇంకా చెయ్యెత్తలేదు, గట్టిమేళం అందేసుకున్నాడు. నేను కంగారులో తాళి కట్టేశాను. ముహూర్తానికి ముందే కట్టిన తొందర మొగుడినని ఈవిడ ఇప్పటికీ దెప్పుతుంది."

"అంత తొందరెందుకు పడ్డాడో అతన్ని అడిగారాండి?"

"అడిగేదేముంది, భోజనాల మీద యావ. మళ్ళీ ఈ చుట్టుపక్కల ఏ పెళ్లికీ వాణ్ణి పిలవనివ్వలేదు మా మేనమామ."

"తాళి వేళ చెడ్డమాట చెవిన పడకూడదనే కదండీ గట్టిమేళం," అన్నాడు పెద్దాయన మెల్లగా. "ఆ పాటల కింద ఏమీ మిగల్లేదాండి?"

"తుడిచిపెట్టుకుపోయింది. నేను చేస్తే పని అలాగే ఉంటుంది."

పెద్దాయన తాళి కట్టేదాకా బొమ్మ చూశాడు. లేచి దణ్ణం పెట్టాడు.

"డెక్కు మంచిదండి. మీరిద్దరూ చల్లగా ఉన్నారు, చాలు."

శ్రీరామమూర్తి ఇంకా హెడ్ల గురించే చెబుతూ గేటు దాకా వెళ్ళాడు. రిమోటు మంచం మీద ఉండిపోయింది. హైమవతి క్యాసెట్టు కాస్త వెనక్కి తిప్పి, చివరి బొత్తం నొక్కింది.

పాటలు ఆగిపోయాయి. మంత్రాలు వినపడ్డాయి.

"ఏమండీ, ఇలా రండి."

"ఏం నొక్కావే?"

"మీరు చెప్పని బొత్తం."

తెర మీద హైఫై అని పడింది. ఆ క్యాసెట్టులో శబ్దానికి రెండు దారులున్నాయి. శ్రీరామమూర్తి పాటలు ఒక దారిలోకే ఎక్కాయి. రెండోదాంట్లో పెళ్లి పెళ్లిలాగే ఉంది.

ఆ మంత్రాల మధ్యలోంచి ఓ గొంతు లేచింది. మేనమామది, పీటలకి దూరంగా కెమెరా దగ్గర్నుంచి.

"మగపెళ్ళివారికి చల్లారిన కాఫీ ఇస్తారా? మర్యాద లేనిచోట మనకి పీటల్లేవు. లేవరా మూర్తీ, ఈ పెళ్లి మన..."

అంతే. సన్నాయి ఒక్కసారిగా పైకి లేచింది. డోలు దాని వెంట పడింది. ఆ తరవాత మేనమామ నోరు ఆడుతూనే ఉంది, మాట మాత్రం వినపడలేదు.

శ్రీరామమూర్తి స్లో మోషన్‌లో పెట్టాడు. మూల నిలబడ్డ సన్నాయి మనిషి పంతులుగారి చెయ్యి వైపు చూడట్లేదు. మేనమామ నోటి వైపే చూస్తున్నాడు. రెండు బుగ్గలూ నిండుగా ఉన్నాయి. కుడి కనుబొమ సగం తెల్లగా ఉంది.

"ఆ మాట వినపడుంటే లేచేవారా?" అంది హైమవతి.

శ్రీరామమూర్తి రిమోటు కింద పెట్టేశాడు. మావయ్య కూర్చోమంటే కూర్చుని, లేవమంటే లేచిన మేనల్లుడు.

చెప్పుల్లేకుండా రోడ్డు మీదకి పరుగెత్తాడు. పెద్దాయన ఎక్కిన బస్సు కాలవ వంతెన దాటేసింది.

కిళ్ళీకొట్టు దగ్గరున్నవాళ్ళంతా చుట్టూ చేరారు.

"ఏంటండీ మూర్తిగారూ, డెక్కు చూడ్డానికొచ్చినవాడు పారిపోయాడా?" అన్నాడు కొట్టు చంద్రరావు.

శ్రీరామమూర్తి రొప్పుతూనే చెప్పుకొచ్చాడు. చల్లారిన కాఫీ, మావయ్య కేక, మీద పడ్డ సన్నాయి. ఇన్నేళ్ళూ తను తిట్టింది ఎవరినో, ఎందుకో. మొదటిసారి అందులో డెక్కు ఊసు లేదు.

"ఇంతకీ ఎవరండీ ఆయన?"

వంతెన మీద దుమ్ము ఇంకా దిగలేదు.

"మా పెళ్లి చేసినాయనండి."