ఎర్ర గుర్రం కాలు

"ఎవరు విరిచారు దీని కాలు?"

గుర్రాలాయన గుమ్మంలోనే నిలబడి అరిచాడు. చెప్పులు కూడా విప్పలేదు. చేతిలో దూది పరిచిన పెట్టె ఉంది, పెట్టెలో ఎర్ర గుర్రం పడుకుని ఉంది. ఆఫీసులో ఆయన హెడ్ క్లర్కు. కానీ అక్కడ కూడా ఆ మాట వాడేవాళ్లు తక్కువ, అందరికీ ఆయన గుర్రాలాయనే. ఇంట్లో హాలు గోడకి ఈ మూల నుంచి ఆ మూల దాకా చెక్క అరలు, అరల నిండా జానెడేసి గుర్రాలు. వాటిని ఎవరైనా బొమ్మలంటే ఆయనకి ఒళ్లు మండుతుంది. మోడల్స్ అనాలి.

ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ఏమైందండీ? ప్రైజు రాలేదా?"

"ప్రైజా! ఉన్న పరువు పోయింది. జడ్జీలు గది చీకటి చేసి ఊదారంగు లైటు వేసి చూశారు. గుర్రమంతా బాగానే ఉంది, వెనక కాలు దగ్గర మాత్రం తెల్లగా మెరిసింది. విరిగితే అతికించి పైన రంగు పూశారట! ఫ్యాక్టరీలో వేసిన రంగు మీద ఇంకో చుక్క పడితే పోటీకి పనికిరాదు. తీసుకుపోండి అన్నారు, అందరి ముందూ. వాళ్లని మోసం చేద్దామని వచ్చాననుకున్నారు నన్ను!"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధం చెప్పడమెందుకు, అవి నిజం నీళ్లే. పెళ్లయ్యాక ఆయన కళ్లు చెమర్చడం ఆమె చూసింది ఇప్పుడే.

ఆ కాలు సంగతి ఆమెకి తెలుసు.

ఆయన చూపు వరండా వైపు తిరిగింది. అక్కడ ఆమె తమ్ముడు రేకు మీద ఏదో కొట్టు పేరు రాస్తున్నాడు. బోర్డులు రాయడం అతని పని. అద్దె గది ఖాళీ చేయించాక అక్క ఇల్లు తప్ప తలదాచుకోవడానికి ఇంకో చోటు లేదు. చుట్టూ రంగు డబ్బాలు, కుంచెలు.

"ఈ ఇంట్లో కుంచె పట్టిన మొనగాడు ఒక్కడేగా. ఇలా రా! దీనికి రంగేసింది నువ్వేనా?"

తమ్ముడు గుర్రం వైపు చూడలేదు, అక్క వైపు చూశాడు. చెప్పనని అక్కకి మాటిచ్చాడు. ఆమె కళ్లతోనే వద్దంది.

"నేనే బావగారూ."

"విరిచింది?"

"అదీ నేనే అనుకోండి."

"అనుకోవడమేమిట్రా! కాలు పట్టుకుని ఎత్తావు కదూ? పొట్ట కింద చెయ్యి పెట్టి, పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తాలని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? దానికీ ప్రాణముంటే ఎంత విలవిల్లాడేదో తెలుసా నీకు?"

తమ్ముడు తల వంచుకున్నాడు.

"తిండి పెట్టిన ఇంటికి చేసే ఉపకారం ఇదా? సామాను సర్దుకో. ఇవాళే, ఇప్పుడే. నువ్వెక్కడ పడుకుంటావో నాకనవసరం."

తమ్ముడు కుంచెలు కడగడం మొదలుపెట్టాడు. సగం రాసిన బోర్డు ఆరకుండానే గోడకి చేరేశాడు. అది చూసి ఆమె ఇక ఆగలేకపోయింది. సంసారం గుట్టుగా ఉంచుకోవాలని ఇన్నాళ్లూ నోరు నొక్కుకున్నది, చివరికి తోడబుట్టినవాణ్ణి రోడ్డు మీద పడేయడానికా?

"వాడెక్కడికీ వెళ్లడు," అంది.

"నువ్వు మధ్యలో రాకు."

"ఎందుకు రాకూడదు? ఆ కాలు వాడు విరవలేదు. మీరు విరిచారు."

ఆయన నవ్వాడు. "నేనా? నా గుర్రం కాలు నేను విరిచానా? మతి పోయిందా నీకు?"

"చొక్కా ఇస్త్రీ కాలేదని ఓ రోజు నన్ను తోశారు. తోసి, తలుపు ధడాల్న వేసి ఆఫీసుకి వెళ్లిపోయారు. నేను వెళ్లి ఈ అరల మీద పడ్డాను. చెక్క మూల తగిలి తల పగిలింది. నాతోపాటు ఇదీ కింద పడింది. వీడొచ్చేసరికి నేను ఓ చేత్తో రక్తం ఆపుకుంటూ, ఇంకో చేత్తో సోఫా కింద దీని కాలు వెతుక్కుంటున్నాను. మీరొచ్చేలోగా ఇది లేచి నిలబడకపోతే ఏం చేస్తారోనని నా భయం. కుట్లు వేయించడానికి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లింది వీడే, తిరిగొచ్చి దీనికి కాలు అతికించిందీ వీడే. తలుపు తగిలిందని చుట్టుపక్కల అందరికీ చెప్పాను. మీకు మాత్రం ఆ అబద్ధం చెప్పే పని పడలేదు. తలకి కట్టేమిటని మీరడిగితేగా!"

వరండాలో కుంచెల చప్పుడు ఆగింది.

ఆయన మొహంలో రంగు మారింది. పెట్టెని మెల్లగా బల్ల మీద పెట్టి, భార్య దగ్గరికొచ్చాడు.

"ఎక్కడ తగిలింది?" అన్నాడు. గొంతులో ఇందాకటి కోపం లేదు.

ఆమె జుట్టు పక్కకి తీసి చూపించింది. ఆయన వంగి చూశాడు. వేలితో ఆ మచ్చ ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమాడు. ఆ వేలు తగలగానే ఆమెకి దుఃఖం ముంచుకొచ్చింది. ఒక్క మంచి మాట అంటే చాలు, అన్నీ మర్చిపోదామనుకుంది. ఇంత చవకగా లొంగిపోతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ మాట కోసం ఎదురుచూసింది.

"అయ్యయ్యో, ఇంత లోతుగా దిగిందా!" అన్నాడాయన. వేలు తీసి, నెమ్మదిగా గోడ వైపు తిరిగాడు.

"అయితే అర మొత్తం అదిరే ఉంటుంది. దాచకుండా చెప్పు, ఇంకా ఏయే గుర్రాలు పడ్డాయి?"