కింది కుంట నుంచి మీది కుంటకు

“సంచి ఎందుకు తడిసింది?”

ఉమాశ్రీ గట్టిగానే అడిగింది.

లింగమూర్తికి మోకాళ్ల దాకా బురద. మెడలో విజిల్, భుజాన నీళ్లు కారుతున్న ఖాళీ గోనె సంచి.

మాదాపూర్ బండల్లో రాళ్లు పేల్చే బ్లాస్టింగ్ ఉన్న రోజు ఎర్ర జెండా పట్టుకుని దారిన పోయేవాళ్లను ఆపడం అతని పని. కుంటలో దిగడం కాదు.

“నా తాబేళ్లు తగ్గిపోతున్నాయండీ. ఇతనే పట్టుకుపోతున్నాడు,” అంది ఉమాశ్రీ, సూపర్‌వైజర్ శ్రీనివాసులుతో.

“ఏమప్పా, జెండా ఇడిచిపెట్టి కుంటలో నీకేం పని?”

లింగమూర్తి ఆమె వైపు చూశాడు.

“మీ తాబేళ్లకేం కాలే అమ్మా. ఫికర్ చేయకుర్రి.”

“తీసుకుపోయేదీ తనే, ధైర్యం చెప్పేదీ తనేనా!”

ఆ పూటే అతని పని పోయింది.

విజిల్ తీసి శ్రీనివాసులు చేతికిస్తూ, “బ్లాస్టింగ్ నాడు జర చూస్కోర్రి అమ్మా,” అన్నాడు.

రాళ్లు ఎగిరి తగులుతాయని తనకే జాగ్రత్త చెప్పాడనుకుంది ఉమాశ్రీ.

“నాకు తెలుసులే,” అంది.

అది 1998 మార్చి.

ఉమాశ్రీది టెక్కలి దగ్గర పల్లె. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. యూనివర్సిటీలో తాబేళ్ల మీద పరిశోధన.

కింది కుంట సరిగ్గా బండల కిందే ఉంటుంది. మీది కుంట ఎగువన, రెండు ఫర్లాంగుల అవతల. నెలకోసారి రెండింట్లోనూ వలలు వేసేది. దొరికిన తాబేలు చిప్ప అంచున ఆకురాయితో చిన్న గాటు పెట్టి వదిలేది. మళ్లీ ఏది ఎక్కడ దొరికిందో రాసుకునేది.

కింది కుంటలో గాటు పెట్టినవి కొన్ని మీది కుంటలో దొరికేవి. చాలావరకు ఎక్కడా దొరికేవి కావు.

అవి బతికున్నాయా, చచ్చాయా? ఏడాదిన్నర కష్టమంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే.

జూలైలో లెక్కలు కంప్యూటర్‌కిచ్చింది. కింది కుంటవి చచ్చిపోతున్నాయంది కంప్యూటర్.

కాగితం తీసుకుని గైడు విశ్వేశ్వరరావు గారి దగ్గరకు వెళ్లేసరికి ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“కింది నుంచి మీదికి నడిచే సంభావ్యత ఎలా పెట్టావమ్మా?”

“అన్ని నెలలకీ ఒకటేనండి.”

“తాబేలుకేమైనా జీతమిస్తున్నావా, నెల నెలా ఒకేలా నడవడానికి? ఏ నెలది ఆ నెలకు విడిగా పెట్టు.”

పెట్టింది. కంప్యూటర్ గంటన్నర తీసుకుంది.

చచ్చాయనుకున్నవి చావలేదు. మీది కుంటకు వెళ్లాయి. ఆమె వలకు చిక్కలేదంతే.

కిందటేడు జూలైలో పదకొండు. నవంబర్‌లో ఏడు. ఈ ఏడు జనవరిలో పద్నాలుగు. మార్చిలో ఐదు. మిగతా నెలల్లో ఒక్కటీ కదల్లేదు.

లింగమూర్తి గుర్తొచ్చాడు. పాపం, అతను ఏదీ దొంగిలించలేదన్నమాట.

“ఆ నెలల్లో వానలా?” అడిగారు విశ్వేశ్వరరావు గారు.

వానలకు కుదరలేదు. శ్రీనివాసులు దగ్గర బ్లాస్టింగ్ రిజిస్టర్ తెచ్చి చూసింది. నాలుగు నెలలూ అచ్చంగా కుదిరాయి.

“వాటికి ముందే తెలుస్తోందండీ! బండలు పేల్చబోతున్నారని తెలిసే నడిచి వెళ్లిపోతున్నాయి!”

విశ్వేశ్వరరావు గారు నవ్వారు. రిజిస్టర్‌లో ఇంకో పేజీ తిప్పారు.

“ఏప్రిల్‌లో రెండుసార్లు పేల్చారు కదమ్మా. జూన్‌లో ఒకసారి. అప్పుడెన్ని వెళ్లాయి?”

సున్నా.

కింది కుంట గట్టు మీద రాళ్లు పడి పగిలిన చిప్పలు మూడు దొరికింది ఆ నెలల్లోనే.

“మార్చి తర్వాత ఏం మారింది?”

ఉమాశ్రీ రిజిస్టర్ చంకన పెట్టుకుంది. అలాగే బయటకొచ్చి బస్సెక్కింది.

బండల దగ్గర లక్ష్మమ్మ కంకర మోస్తోంది. లింగమూర్తి ఊరిదే.

“లింగమూర్తి గారు ఎక్కడున్నారండీ?”

“బొంబాయి దిక్కు పోయిండన్నరు. పత్తా లేదు. ఇప్పుడెందుకు, ఇంకేమన్న పోయిందా?”

ఉమాశ్రీ తల దించుకుంది.

“ఆ సంచి పట్టుకుని ఎటు వెళ్లేవారు?”

లక్ష్మమ్మ తట్ట దించి, గడ్డంతో మీది కుంట వైపు చూపించింది.

“పిచ్చోడు. పేల్చే నాడు పొద్దుగాల్నే జెండ నా చేతిల పెట్టి ఉరికెటోడు. ఆడ బండ మీద గీతలు గీసెటోడు. ఏందిరా గవ్వి అంటే, అమ్మ లెక్క తప్పొద్దు అక్కా, అనెటోడు.”

మీది కుంట ఒడ్డున బండ. పేలుడు మందు కూరే రంధ్రాలు వేయాల్సిన చోట గుర్తు పెట్టే ఎర్ర రంగుతోనే గీతలు. ప్రతి గీత చివరా చిన్న గాటు, ఆమె చిప్పల మీద పెట్టినట్టే.

వేలు పెట్టి లెక్కపెట్టింది.

మొదటి వరుస పదకొండు. రెండోది ఏడు. మూడోది పద్నాలుగు.

నాలుగో వరుసలో ఐదు గీతలే. సంచి ఎందుకు తడిసిందని ఆమె అడిగిన రోజు అది.

ఉమాశ్రీ ఆ బండ పక్కనే కూర్చుండిపోయింది.

కంప్యూటర్ ఏ నెలకా నెల విడిగా లెక్క కట్టిన ఆ నడక తాబేళ్లది కాదు, లింగమూర్తిది.